మూడొందల గ్రాముల తేడా

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో సైకిళ్ళు ఎక్కించకూడదని బోర్డు పెట్టారు. ఫ్రిజ్ ఎక్కించవచ్చు. సోఫాని నిలబెట్టి ఎక్కించవచ్చు. రెండో అంతస్తు ఆవిడ కుక్క వానలో తడిసొచ్చి, అందరి ప్యాంట్ల మీదా విదిలించుకుంటూ రోజంతా ఎక్కి దిగవచ్చు. సైకిలు మాత్రం అద్దానికి గీతలు పెడుతుందట. అద్దం మీదున్న ఆ ఒక్క గీతా సెక్రటరీగారి వాషింగ్ మెషీను పెట్టిందని అందరికీ తెలుసు. కానీ వాషింగ్ మెషీను అసోసియేషన్ మీటింగుకి రాదు, నేను వెళ్తాను. అందుకని తీర్మానం నా మీద పాసయింది.

అంచేత ప్రతి ఆదివారం పొద్దున్నే నేను నాలుగో అంతస్తు నుంచి సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగుతాను. దింపి, గేటు దగ్గర గోడకి ఆనించి, మళ్ళీ పైకెళ్ళి రెండోది దింపుతాను. మూడో అంతస్తు దంపతులు జిమ్ములో మెట్లెక్కే మెషీను ఎక్కడానికి లిఫ్టు కోసం నిలబడి, నా వంక జాలిగా చూస్తారు.

రెండో సైకిలు మా బావది. బావంటే మా అక్క భర్త. పక్క బ్లాకులోనే ఉంటారు. మెయిన్ రోడ్డు మీద కళ్ళజోళ్ళ షాపు ఆయనది. మందు మానేశానని ఇంట్లో చెప్పినవాళ్ళ సీసాలు స్నేహితుడి బీరువాలో ఉన్నట్టు, ఆయన సైకిలు మా ఇంట్లో ఉంటుంది. ఈ ఏర్పాటు చేసింది మా అక్క.

ఆర్నెల్ల కిందట బావ షాపులో ఒకావిడకి అక్షరాల చార్టు చూపిస్తూ కుర్చీలో కూలబడిపోయాడు. పరీక్ష అద్దాలు పెట్టుకుని చార్టుకేసే చూస్తున్న ఆవిడకి ఆయన కూలబడ్డట్టు కనపడలేదు. కింది వరస కూడా చదివేసి, "ఇది సరిపోయిందండీ" అందిట. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె పంపింగు సగానికి సగం పడిపోయిందన్నారు. గుండె డాక్టరు మంచాయన. మందులు రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, చివర్న "ఇంకేమైనా అలవాట్లున్నాయా?" అనడిగాడు.

"సైకిలు తొక్కుతారండీ," అంది అక్క, చాడీ చెప్తున్నట్టు.

"మంచిదే. చదును రోడ్డు మీద, నెమ్మదిగా. మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట తెగుతోందంటే దిగిపోవాలి. కొండలూ గుట్టలూ మర్చిపోండి. ఫ్లైఓవరు కూడా వద్దు."

బావ ముఖం ఫ్లైఓవరు దగ్గర మారింది. మా బావ జీవితంలో ఎప్పుడూ ఫ్లైఓవరుని ఎత్తు కింద లెక్కలోకి తీసుకోలేదు.

బయటికొచ్చాక అక్క నన్ను మందుల షాపు పక్కకి లాగింది. "ఒరేయ్, సైకిలు నీ దగ్గరుంటుంది. నువ్వు పక్కనుంటేనే ఎక్కాలి. నువ్వు ఆయన్ని మాట్లాడిస్తూ ఉండు. మాట ఆగిందో, నాకు ఫోన్ చెయ్యి."

"ఆయనా? మాట్లాడతాడా?"

"అదంతా నాకు తెలీదు. నీకా నోరు ఊరికే ఇచ్చాడా దేవుడు?"

ఇక్కడ ఒక చిక్కుంది. మా బావ మామూలుగానే మాట్లాడడు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ ఆయనకి చెవుడేమోనని అనుమానపడి, వెనకనుంచి గిన్నె కింద పడేసి చూసింది. ఆయన వెనక్కి తిరిగి గిన్నె తీసిచ్చాడు తప్ప ఏమీ అనలేదు. అలాంటి మనిషిని కాలవ పక్క రోడ్డు మీద గంటసేపు మాట్లాడిస్తూ తొక్కించాలి. మొదటి ఆదివారం నేను రాజకీయాలు ఎత్తాను. "అందరూ అంతే," అని ముగించాడు. షాపు గురించి అడిగాను. "బానే ఉంది," అన్నాడు. ఎండల గురించి అడిగాను. పైకి చూశాడు. ఆయనకి ఆయాసమొచ్చి మాట ఆగిందో, సహజంగానే ఆగిందో తెలియక నేను చచ్చాను. పావుగంటలో రెండుసార్లు ఆయన్ని సైకిలు దింపేసి నాడి చూశాను. నాకు నాడి చూడటం రాదు.

చివరికి ఆయన్ని మాట్లాడించిన మహానుభావులు చక్రాలు.

సైకిళ్ళ గొడవ లేనివాళ్ళ కోసం చెప్తాను. రేసు సైకిలుకి రెండు రకాల చక్రాలు దొరుకుతాయి. ఒకటి తేలికవి. అంచు సన్నగా ఉంటుంది, కొండ ఎక్కేటప్పుడు సుఖం. రెండోది గాలిని కోసేవి. అంచు అరచెయ్యంత లోతుగా, చూడ్డానికి లావుగా ఉంటుంది. చదును రోడ్డు మీద గాలిని చీల్చుకుంటూ పోతాయి కానీ బరువెక్కువ. ఎంతెక్కువ అంటే, మూడొందల గ్రాములు. అంటే రెండు పెద్ద ఉల్లిపాయలు. ఈ రెండు ఉల్లిపాయల మీద మా సైకిలు గ్రూపు రెండు మతాలుగా చీలిపోయింది.

తేలిక మతానికి పెద్ద, గ్రాముల గారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. వంటింటి త్రాసు ఆయన పడగ్గదిలో ఉంటుంది. సైకిలు మీదున్న స్టిక్కర్లు గీకేసి ఆ పొట్టు తూచారు. నీళ్ళ సీసాకి మూత అనవసరమని తీసేశారు. ఆయన పొట్ట సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అది సైకిలుకి బిగించింది కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

రెండో మతానికి గాలి గారు. కాలేజీలో ఫిజిక్సు చెప్తారు. భార్య ఊళ్ళో లేనప్పుడు హాల్లో టేబుల్ ఫ్యాను పెట్టి, చక్రం ముందు దోమల చుట్ట వెలిగించి, పొగ ఎటు పోతోందో చూస్తారు. గాలికి అడ్డమని మీసం తీసేశారు. ఆయన తొక్కే వేగానికి ఎదురొచ్చే ఈగ కూడా పక్కకి తప్పుకోదు.

బావ ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ ఇద్దరూ చూడటానికి వచ్చారు. మనలాంటివాళ్ళకి జబ్బుమనిషి ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలీదు. పళ్ళు పట్టుకెళ్ళి, ఆ పళ్ళకేసే చూస్తూ కూర్చుంటాం. వీళ్ళిద్దరూ పళ్ళకి బదులు చక్రాలు పట్టుకొచ్చారు. ఎవరి దగ్గర అదనంగా ఉన్న జత వాళ్ళు. కొన్నాళ్ళు వాడి చూడమని.

"మీ పరిస్థితిలో బరువు తగ్గించుకోవడమే దారి సార్," అన్నారు గ్రాముల గారు. "చక్రం తేలికైతే గుండెకి శ్రమ తగ్గుతుంది."

"శ్రమంతా గాలితోనండీ, బరువుతో కాదు," అన్నారు గాలి గారు. "చదును మీద బరువెవడిక్కావాలి? ఒకసారి కదిలాక అదే పోతుంది."

"ఎలా పోతుంది? ఎవరు తోస్తే పోతుంది?"

"మీరు ఇంటర్‌లో ఏ గ్రూపండీ?"

బావ పాపం మంచం మీద అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. గుండె మాట ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. టీ తెచ్చిన అక్క, ట్రే పట్టుకుని అలాగే నిలబడి విని, గాలి గారినడిగింది.

"అన్నయ్యగారూ, ఈ లావువి కొండెక్కడానికి పనికొస్తాయా?"

"కొండకా? ఛఛ. కొండకి ఇవి శుద్ధ దండగమ్మా. ఇవి పెట్టుకుని కొండ జోలికి పోకూడదు."

ఆ క్షణంలో మా అక్క గాలి మతం పుచ్చుకుంది. ఆయనకి బిస్కెట్లు రెండోసారి వచ్చాయి. గ్రాముల గారికి రాలేదు.

కొండ అంటే ఏ కొండో చెప్పాలి. ఊరి బయట టెలిఫోను టవరున్న కొండ. చలికాలం వెళ్ళిపోయేటప్పుడు మా గ్రూపంతా ఏటా ఒకసారి దాన్ని ఎక్కుతాం. దానికొక పద్ధతుంది. పైన అందరికంటే చివరివాడు వచ్చేదాకా ఎవరూ ఫ్లాస్కు మూత తియ్యకూడదు. ఎవరు ముందొచ్చారన్నది ఎవరికీ గుర్తుండదు. చివరివాడు మలుపు తిరిగి కనపడగానే అందరూ లేచి, వాడు తమ తండ్రైనట్టు చప్పట్లు కొడతారు. టీ కోసం. మొదట్నుంచీ ఆ చివరివాడు మా బావే. ఆయన అలా దించిన తల ఎత్తకుండా వచ్చి, సైకిలు ఆనించి, మూత తానే తీసి, అందరికీ పోసి, తను ఆఖర్న తాగుతాడు. మాట్లాడడు. అది ఆయన పండగ.

మొదట్లో నేను అక్క చెప్పినట్టే చేశాను. లావు చక్రాలే మంచివని కాలవ రోడ్డు మీద బావకి నూరిపోశాను. ఒక కిలోమీటరు నూరేసరికి ఆయన మొండికేసి, "అయినా సరే, తేలికవే పెట్టెయ్," అన్నాడు. తేలికవంటే కొండే. వెంటనే నాలిక మడతపెట్టి, తేలికవాటి మీద కూడా నాకున్న నమ్మకాన్ని బయటపెట్టాను. అప్పుడాయన మళ్ళీ గాలి గారి వాదన ఎత్తుకున్నాడు. నేను దాన్ని కొట్టేశాను. ఆయన సమర్థించాడు. చూస్తే, మనిషి వంతెన దాకా ఆగకుండా మాట్లాడాడు.

అప్పుడు తట్టింది. ఈయన తేల్చుకోకుండా చూస్తే చాలు. తేలనంతకాలం మాట్లాడతాడు. మాట్లాడినంతకాలం ఆయాసం లేనట్టే. తేలనంతకాలం కొండ మాట రాదు. ఒకే దెబ్బకి డాక్టరూ అక్కా ఇద్దరూ సంతోషం.

అక్కకి చెప్తే మెచ్చుకుంది. నన్ను మా అక్క అంతకుముందు మెచ్చుకున్న సందర్భం నాకు గుర్తు లేదు. "నువ్వు దేన్నైనా తేలకుండా చెయ్యగలవని నాకు చిన్నప్పుడే తెలుసు," అంది. నేను ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల సెక్షన్లో పనిచేస్తాను.

ఇలా చాలా ఆదివారాలు గడిచాయి. నేను వారమంతా ఆఫీసులో కూర్చుని అనుమానాలు పోగుచేసుకునేవాణ్ణి. మా ఆవిడ అన్నం వడ్డిస్తుంటే, "లావు చక్రానికి పక్కగాలి తగిలితే?" అని నాలో నేను అనుకునేవాణ్ణి. ఆవిడ గరిట పట్టుకుని కాసేపు చూసి, "మీకు కూడా ఒకసారి పరీక్షలు చేయిద్దామండీ," అనేది.

"బావా, తేలికవాటికి బ్రేకేస్తే అంచు వేడెక్కుతుందట కదా?"

"ఎవరన్నారు?"

"గాలి గారు."

"ఆయనకి బ్రేకు వెయ్యాల్సినంత స్పీడెప్పుడొచ్చింది?"

"పోనీ లావువి పెడదామా?"

"పక్కగాలికి కాలవలో పడతాం. నీకు ఈతొచ్చా?"

"రాదు."

"నాకొచ్చు. నిన్ను తియ్యడానికి దిగితే నాకు ఆయాసమొస్తుంది. మీ అక్క నన్ను తిడుతుంది."

నాకు నవ్వొచ్చేది. ఆయన జోకులేస్తాడని మా కుటుంబంలో ఎవరికీ తెలీదు. అక్కకి కూడా తెలిసుండదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను.

మధ్యలో గ్రూపువాళ్ళు కొండకి తేదీ పెట్టారు. బావ సంగతి మీటింగులో వచ్చింది. అందరికీ బాధగానే ఉంది. బాధ ఉన్నప్పుడు మనవాళ్ళు ఏదో ఒక పదవి ఇస్తారు. గ్రాముల గారు బావ భుజమ్మీద చెయ్యేసి, "మీరు రాకపోతే ఎలా సార్? మీరు కార్లో ఫ్లాస్కు పట్టుకుని ముందే పైకి వచ్చెయ్యండి. ఈసారి మీరే ఫస్టు!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బావ నవ్వాడు. షాపులో, ఏ కళ్ళజోడు పెట్టినా తమకి నప్పలేదనేవాళ్ళని చూసి ఆయన నవ్వే నవ్వు అది.

పోయిన ఆదివారం కాలవ రోడ్డు మీద మాట ఆగింది.

నేను పక్కగాలి గురించి ఒక కొత్త సందేహం ఎత్తాను. జవాబు రాలేదు. పక్కకి చూస్తే పక్కన లేడు. వెనక, తుమ్మచెట్టు దగ్గర, కాలు కింద పెట్టి నిలబడి ఉన్నాడు. నేను వెనక్కి వెళ్తూ జేబులోంచి ఫోను తియ్యబోయి కింద పడేశాను.

"చెయ్యకు," అన్నాడు. "బానే ఉన్నాను. కూర్చో."

కాలవ గట్టు మీద కూర్చున్నాం. ఆయన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొంచెంసేపటికి, "నువ్వు బాగా చేస్తున్నావురా," అన్నాడు.

"ఏంటి బావా?"

"నన్ను తేల్చుకోనివ్వకుండా."

నేను కాలవకేసి చూశాను. కాలవలో ఒక చెప్పు కొట్టుకుపోతోంది.

"నా పనేంట్రా? పొద్దున లేస్తే మనిషిని కూర్చోబెట్టి, అద్దం మార్చి, ఇది బావుందా, అది బావుందా అనడగడం. అడిగేవాడి గొంతు నాకు తెలీదా? నువ్వు మొదటిరోజే దొరికిపోయావు."

"మరి ఇన్నాళ్ళూ..."

"నేను మాట్లాడకపోతే నువ్వు భయపడుతున్నావుగా. నాడి పట్టుకుంటున్నావు. అది కూడా బొటనవేలితో. అది నీ నాడేరా, నాది కాదు."

తర్వాత ఆయన చెప్పాడు. అక్కకి తెలియకుండా బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడట. పంపింగు ఇంకా తగ్గిందిట. వచ్చే నెల నుంచి చదును రోడ్డు కూడా వద్దన్నాడట. షాపు దాకా నడవడం కూడా చూసుకుని నడవమన్నాడట. గుండె దగ్గర ఒక మెషీను పెట్టొచ్చట, దానివల్ల కొంత లాభం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

"అక్కకి చెప్పావా?"

"చెప్తా. కొండ అయ్యాక."

"బావా!"

"కొంతమందికి ఏ అద్దం పెట్టినా మసకే. మొహమాటానికి ఇదే బావుందంటారు, లేచి వెళ్ళిపోతారు. నాకిప్పుడు చక్రాలట్లాగే ఉన్నాయి. మూడొందల గ్రాములట! పొద్దున గ్లాసుడు నీళ్ళు తాగకపోతే సరి. ఏవి పెట్టినా నేను ఎక్కేది ఆఖర్నే." హెల్మెట్ పట్టీ సాగదీసి వదిలాడు. "నన్ను ఫ్లాస్కు చేశారురా వాళ్ళు."

"వాళ్ళు ప్రేమతోనే..."

"తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నా."

"దారిలో ఏమన్నా అయితే?"

"అయితే అవుతుంది. కాకపోవచ్చు. ఇంట్లో కూర్చుంటే అవదని డాక్టరేమన్నా రాసిచ్చాడా?" లేచాడు. దులుపుకున్నాడు. "తేలికవి పెట్టు. నువ్వొస్తే రా, లేకపోతే లేదు. కానీ వస్తే మాత్రం ఆ ఎక్కుడులో నన్ను మాట్లాడించకు. ఈ ఆర్నెల్లలో నా జన్మకి సరిపడా మాట్లాడేశాను. నోరు నొప్పి పుడుతోంది."

మిగతా దారంతా మాట్లాడలేదు. నేను పక్కనే తొక్కుతూ, ఆయన ఊపిరి వినడానికి ప్రయత్నించాను. నా ఊపిరే పెద్దగా వినపడింది.

మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పానండీ. ఆయన చిన్నపిల్లాడు కాదు. మీరు నచ్చజెప్పి చూడండి," అన్నాడు. నేను తలుపు దాకా వెళ్ళాక పిలిచాడు. ఏదో మందు గుర్తొచ్చిందేమో అనుకుని ఆశగా తిరిగాను. తను కూడా ఈమధ్యే సైకిలు మొదలుపెట్టాడట. తనలాంటివాళ్ళకి తేలిక చక్రాలు మంచివా, లావువా అని అడిగాడు.

లావువి అన్నాను. ఆయన రాసుకున్నాడు.

నిన్న సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. బావ సైకిలు ఇన్నాళ్ళూ తొక్కిన పాత చక్రాలతో హాల్లో తలకిందులుగా నిలబెట్టి ఉంది. గోడకి నాలుగు చక్రాలూ ఆనించి ఉన్నాయి. మా ఆవిడ కాఫీ ఇచ్చి, "వదినా, ఇవి ఇంట్లోంచి ఎప్పుడు పోతాయో చెప్పండి, ఆరోజు నేను స్వీట్లు పంచుతాను," అంది. అక్క నవ్వలేదు. స్టూలు లాక్కుని చక్రాలెదురుగా కూర్చుంది.

"ఆదివారం కొండకి ఆయన్ని కార్లో తీసుకెళ్తామన్నారట, వాళ్ళు."

"అవును."

"ఆయన సైకిలు మీదే వెళ్తానంటున్నాడు. కొండ కింద దాకా. అక్కణ్ణుంచి కారెక్కుతాడట."

బావ అబద్ధం ఆడాడని వినడం నాకు అదే మొదటిసారి. బాగానే ఆడాడు. అలవాటు లేనివాళ్ళే బాగా ఆడతారు.

"వీటిలో కొండకి పనికిరానివి ఏవిరా?"

లావువి చూపించాను.

"అవే పెట్టు. పైకెక్కాలని బుద్ధి పుట్టినా ఎక్కలేనట్టు ఉండాలి." లేచి వెళ్ళి, లావు చక్రం మీద ఒకసారి చెయ్యేసి రాసింది. ఎంత గట్టిగా ఉందో చూసినట్టు. "ఇది ఎక్కదుగా? ఆ కాలేజీ అన్నయ్యగారు అన్నారుగా, శుద్ధ దండగని."

ఎక్కుతుందండీ. ఏ చక్రమైనా ఎక్కుతుంది. ఒకడు రెండు ఉల్లిపాయలు ఎక్కువ మోసుకుంటూ ఎక్కుతాడు, అంతే. గాలి గారు అన్న మాట గాలి గారి లోకంలోది. మా అక్క ఆ మాటని బ్యాంకు లాకరనుకుని, తన సర్వస్వం అందులో పెట్టుకుని కూర్చుంది. ఆర్నెల్లుగా ఆవిడ నిద్రపోతోందంటే ఆ చక్రం మీద నమ్మకంతోనే. ఇది నేనిప్పుడు చెప్పాలి. చెప్తే ఆవిడ సైకిలు తాళమేసి చెవి నడుముకి కట్టుకుంటుంది. బావ ఫ్లాస్కు పట్టుకుని కారెక్కుతాడు. ఫస్టు వస్తాడు. ఆ తర్వాత మా ఇంటికి రాడు. వచ్చే నెల నుంచి ఎలాగూ ఎక్కడికీ రాడు.

నేను నోరు తెరిచాను. దేవుడు ఊరికే ఇవ్వలేదన్న నోరే. అందులోంచి, "కాఫీ చల్లారిపోతోందక్కా," అని వచ్చింది.

ఆవిడ వెళ్ళాక కూర్చుని చక్రాలు బిగించాను. మన తరగతివాళ్ళు ఎటూ తేల్చుకోలేనప్పుడు ఏం చేస్తారో అదే చేశాను. ముందు తేలికది పెట్టాను, వెనక లావుది పెట్టాను. సైకిలు ముందునుంచి చూస్తే గ్రాముల గారిలా, వెనకనుంచి చూస్తే గాలి గారిలా ఉంది. ఇద్దరికీ ఫోటో పంపితే, ఇద్దరూ ఇంతవరకు జవాబివ్వలేదు. మతాంతర వివాహానికి పిలిచినట్టయింది వాళ్ళకి.

పొద్దున్నే అక్క చూడటానికొచ్చింది. "ముందుది సన్నగా ఉందేంట్రా?"

"ముందుది లావైతే పక్కగాలికి తోసేస్తుందక్కా. కాలవలో పడతాడు." ఇది నిజమే.

"వెనకది ఉందిగా. అది చాలుగా, ఎక్కకుండా?"

నేను చైనుకి నూనె వేస్తున్నాను. ఆ సమయంలో ఆ చైనుకి చాలా నూనె అవసరమైంది.

"చాల్లే," అని తనే అనుకుని, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది. మా అక్క నా తల మీద చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయిందో.

మధ్యాహ్నం షాపు నుంచి బావ ఫోన్ చేశాడు. చెప్పాను. "ముందుది తేలికదేగా. చాలు. వెనక ఏదుంటే ఏంటి," అన్నాడు. పెట్టెయ్యబోతూ, "మీ అక్క ఏమంది?" అనడిగాడు.

"సంతోషించింది."

"మంచిది," అన్నాడు. ఫోను పెట్టెయ్యకుండా కౌంటరు మీద పెట్టినట్టున్నాడు. షాపులో ఎవరో కింది వరస చదువుతున్నారు.

ఆ ఇద్దరూ పెళ్ళయ్యాక ఒకే వస్తువు గురించి ఒకేసారి సంతోషపడటం ఇదే అయ్యుంటుంది. మధ్యలో నేను భోజనం మానేశాను. మా ఆవిడ కంచం తీసేస్తూ, "చెప్పెయ్యండి వదినకి," అంది. కాసేపాగి, "వద్దులెండి," అంది. ఇంకాసేపాగి, "నన్నడక్కండి," అంది. నేనసలు అడగలేదు.

నాది మనిషి పోయాక ఎందుకు పోయాడో తేల్చే ఉద్యోగం. ఎవరి నిర్లక్ష్యం ఎంత శాతమో రాసి సంతకం పెడతాను. పోకముందు పక్కనున్నవాడు ఏం చెయ్యాలో మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ అడిగినట్టు లేదు. నేనడిగి చూశాను. మా మేనేజరు, "పాలసీ ఉందా?" అన్నాడు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. చక్రాల గురించి దయచేసి ఎవరూ రాయకండి. సైకిళ్ళున్నవాళ్ళు అసలు రాయకండి, మీ సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఒక మనిషిని ఆపాలో వదలాలో తెలియక నిలబడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు రాయండి. అక్కకి చెప్పెయ్యనా? చెప్పకుండా ఆయన వెంట వెళ్ళనా? వెళ్తే, రెండో మలుపు దగ్గర ఎక్కుడు బాగా నిటారుగా ఉంటుంది, అక్కడ ఆయన మాట్లాడడు, నన్ను మాట్లాడించొద్దన్నాడు. అది మామూలు మౌనమో, ఇంకోటో, వెనక తొక్కేవాడికి ఎలా తెలుస్తుంది? దేన్ని చూడాలి? భుజాలనా, మెడనా, కాళ్ళనా? తెలిసినవాళ్ళుంటే చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. ఆదివారం లోపల చెప్పండి.